కలిసి గెలిచినవాళ్లు నాలుగేళ్లకే ఎందుకు విడిపోయారు? జర్మనీని చూస్తే తెలుస్తుంది

మీరు అడిగింది ఇదీ: హిట్లర్ మీద కలిసి పోరాడిన అమెరికా, బ్రిటన్, సోవియట్ యూనియన్ 1945లో పక్కపక్కన కూర్చుని ఫొటోలు దిగి, నాలుగేళ్లు తిరక్కుండానే కత్తులు నూరుకునే దాకా ఎలా వచ్చాయి, కమ్యూనిజానికీ ప్రజాస్వామ్యానికీ పొసగకపోవడమేనా అసలు కారణం, తప్పు ఎవరిదని రాయాలి. డిగ్రీ పిల్లలకీ, ఆ తర్వాత గ్రూప్స్ రాసేవాళ్లకీ ఈ పాఠం ఏళ్ల తరబడి చెప్పినవాణ్ని కాబట్టి కొంచెం పొడుగ్గానే చెబుతాను, ఓపిక పట్టండి.

ముందుగా గైడ్ బుక్కుల్లో ఉండే మాట పక్కన పెడదాం. "సిద్ధాంత వైరుధ్యం వల్ల ప్రచ్ఛన్న యుద్ధం మొదలైంది" అని ఒక లైన్ రాసి కింద సంవత్సరాలు పేరుస్తారు. సిద్ధాంత వైరం 1917 నుంచీ ఉంది. విప్లవం తర్వాత జరిగిన అంతర్యుద్ధంలో బ్రిటన్, అమెరికా, ఫ్రాన్స్, జపాన్ సైన్యాలు రష్యా గడ్డ మీద దిగాయి. సోవియట్ ప్రభుత్వాన్ని అమెరికా గుర్తించడానికే 1933 దాకా పట్టింది. 1939లో స్టాలిన్ హిట్లర్‌తోనే ఒప్పందం చేసుకుని పోలండ్‌ని పంచుకున్నాడు. ఇంత ఉండి కూడా 1941 నుంచి 1945 దాకా వాళ్లు కలిసి పని చేశారు. అంటే సిద్ధాంతం ఒక్కటే విడగొట్టేదైతే అసలు కలిసేవాళ్లే కాదు. వైరం ఎందుకు ఉందో సిద్ధాంతం చెబుతుంది కానీ, సరిగ్గా 1946, 47, 48లోనే ఎందుకు ముదిరిందో చెప్పదు. నా లెక్కలో దానికి జవాబు జర్మనీలో ఉంది. ఓడిపోయిన దేశాన్ని ఏం చేయాలి, దాని బొగ్గు ఎవరికి, దాని యంత్రాలు ఎవరికి, ఆ జనానికి తిండి ఎవరు పెట్టాలి, అక్కడ ఎవరు అచ్చేసిన నోటు చెల్లాలి. గొడవంతా ఇక్కడే రాజుకుంది.

యుద్ధం ముగిసేటప్పటికి ఎవరి పరిస్థితి ఏమిటో చూడండి. సోవియట్ యూనియన్‌లో చచ్చిపోయినవాళ్లు సుమారు 2.7 కోట్ల మంది. అమెరికాకి పోయినవాళ్లు 4 లక్షల పైచిలుకు, అదీ దాదాపు అంతా సైనికులే, సొంత నేల మీద ఫ్యాక్టరీలు చెక్కు చెదరలేదు, పైగా యుద్ధంలో బాగా పెరిగాయి. 30 ఏళ్లలో రెండు సార్లు జర్మన్ సైన్యం పోలండ్ మీదుగా తన ఇంట్లోకి వచ్చింది కాబట్టి స్టాలిన్‌కి కావలసింది రెండే: పోలండ్‌లో తన మాట వినే ప్రభుత్వం, జర్మనీ నుంచి నష్టపరిహారం. అమెరికాకి భయం వేరే. మొదటి యుద్ధం తర్వాత జర్మనీని పిండి పిండి వదిలితే ఆ పేదరికంలోంచే హిట్లర్ పుట్టుకొచ్చాడనీ, ఈసారి యూరప్ వ్యాపారం లేచి నిలబడకపోతే మళ్లీ అదే జరుగుతుందనీ. ఇద్దరి భయాలూ నిజమైనవే. ఒకరి భయానికి మందు రెండోవాళ్లకి విషం, అదే పీటముడి.

పంపకాలు అప్పటికే మొదలయ్యాయి. 1944 అక్టోబర్‌లో చర్చిల్ మాస్కో వెళ్లి ఒక కాగితం ముక్క మీద రుమేనియాలో రష్యాకి 90 శాతం, గ్రీసులో బ్రిటన్‌కి 90 శాతం, యుగోస్లావియాలో చెరి సగం అని రాసి స్టాలిన్ ముందుకు తోస్తే ఆయన నీలం పెన్సిల్‌తో టిక్కు పెట్టాడు. ప్రజాస్వామ్యం గురించి గంభీరంగా మాట్లాడే పెద్దమనిషి చేసిన పని ఇది! గమనించాల్సింది ఏమిటంటే స్టాలిన్ ఆ మాట చాలా వరకు నిలబెట్టుకున్నాడు. అదే డిసెంబర్‌లో ఏథెన్స్ వీధుల్లో బ్రిటిష్ సైన్యం గ్రీకు కమ్యూనిస్టుల మీద కాల్పులు జరుపుతుంటే మాస్కో నోరు మెదపలేదు. దాన్ని బట్టి పోలండ్ విషయంలో అవతలివాళ్లు కూడా నోరు మూసుకుంటారని ఆయన అనుకుని ఉంటాడు. కానీ బ్రిటన్ యుద్ధంలో దిగిందే పోలండ్ కోసం, అమెరికాలో పోలిష్ మూలాలున్న ఓటర్లు లక్షల్లో ఉన్నారు. 1945 ఫిబ్రవరిలో మూడు దేశాల నేతలు కలిసిన యాల్టా సమావేశంలో స్వేచ్ఛగా ఎన్నికలు పెడతామని ఒప్పుకుని, 1947 జనవరిలో పోలండ్‌లో పెట్టిన ఎన్నికలు ఎంత తూతూమంత్రంగా జరిగాయో లోకమంతా చూసింది.

ఇక బెర్లిన్ పక్కన పోట్స్‌డామ్‌లో జరిగిన మూడు దేశాల నేతల సమావేశం. 1945 జూలై 17 నుంచి ఆగస్టు 2 దాకా. అమెరికా అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ ఏప్రిల్‌లోనే పోయాడు, ఆయన స్థానంలో వచ్చిన ట్రూమన్ కొత్త, బ్రిటన్ ప్రధాని చర్చిల్ మధ్యలో ఎన్నికలు ఓడిపోయి ఇంటికెళితే కొత్త ప్రధాని అట్లీ వచ్చి కూర్చున్నాడు, పాతవాడు స్టాలిన్ ఒక్కడే. అందరూ అణుబాంబు గురించి ట్రూమన్ స్టాలిన్ చెవిన వేసిన ముక్క గుర్తుపెట్టుకుంటారు (స్టాలిన్‌కి గూఢచారుల ద్వారా ముందే తెలుసు, అందుకే ముఖంలో మార్పు లేదు). నా దృష్టిలో అక్కడ జరిగిన పెద్ద విషయం నష్టపరిహారం నిర్ణయం. యాల్టాలో 2,000 కోట్ల డాలర్లు, అందులో సగం రష్యాకి, అనే అంకెని చర్చకు ప్రాతిపదికగా పెట్టుకున్నారు. పోట్స్‌డామ్‌లో ఆ అంకె మాయమై, ఎవరి ఆక్రమణ ప్రాంతం (ఓడిన జర్మనీని తూర్పున రష్యా, పశ్చిమాన అమెరికా, బ్రిటన్, ఫ్రాన్స్ నాలుగు ప్రాంతాలుగా పంచుకున్నాయి) నుంచి వాళ్లు తీసుకోండి అన్నారు. పశ్చిమ ప్రాంతాల్లో శాంతికాలానికి అవసరం లేని యంత్రాల్లో 10 శాతం రష్యాకి ఉచితంగా, ఇంకో 15 శాతం తిండిగింజలు, బొగ్గు లాంటివాటికి బదులుగా ఇస్తామన్నారు. కాగితం మీద జర్మనీ ఒకే ఆర్థిక యూనిట్ అనీ అదే ఒప్పందంలో రాసుకున్నారు. ఒకే యూనిట్ అంటూ ఎవరి గల్లా పెట్టె వాళ్లదే అంటే ఎలా కుదురుతుంది? దేశం రెండు ముక్కలవడానికి విత్తనం ఆ ఒప్పందంలోనే పడింది, ఆ రోజు సంతకం పెట్టినవాళ్లలో ఎవరూ దేశాన్ని విడగొడుతున్నామని అనుకోకపోయినా.

ఆచరణలో ఏం జరిగిందంటే, రష్యన్లు తమ ప్రాంతంలో ఫ్యాక్టరీలకి ఫ్యాక్టరీలే విప్పి రైళ్ల మీద పంపించారు, డబుల్ లైన్లున్న చోట రెండో పట్టాలు కూడా పెకలించి పట్టుకెళ్లారు. అందులో కొంత సరుకు స్టేషన్ల పక్కన వానకి తడిసి తుప్పు పట్టిపోయింది కూడా. అటు బ్రిటన్ వాటాకి రూర్ బొగ్గు గనులున్న ప్రాంతం వచ్చింది కానీ, అక్కడ కూలిపోయిన పట్టణాలే ఎక్కువ, పంట తక్కువ. జర్మనీకి గింజలు పంపాల్సి వచ్చి, యుద్ధం జరిగినన్నాళ్లూ లేని బ్రెడ్ రేషన్ బ్రిటన్ 1946 జూలైలో తన సొంత జనానికి పెట్టింది. గెలిచిన దేశంలో రొట్టెకి రేషన్! తూర్పు నుంచి రావలసిన తిండిగింజలు రావడం లేదు, మనం మాత్రం యంత్రాలు పంపాలా అని చిర్రెత్తి అమెరికా జనరల్ క్లే 1946 మేలో తన ప్రాంతం నుంచి పరిహారం తరలింపు ఆపేశాడు. క్లేకి అప్పుడు ఫ్రాన్స్ మీద కూడా అంతే చిరాకు ఉంది, ఒకే జర్మనీ అన్న ప్రతి ప్రతిపాదనకీ అడ్డం పడ్డది ఫ్రాన్సే. కానీ మాస్కోకి కనబడింది ఒక్కటే: రావలసిన బాకీ ఎగ్గొట్టారు.

గట్టు తగాదా చూసినవాళ్లకి ఇది వేరే చెప్పనక్కర్లేదు. అవతలివాడు జానెడు జరిపాడని ఇవతలివాడు పార పడతాడు, ఎవరిని అడిగినా నేను నా హద్దు కాపాడుకున్నానంతే అంటారు. 1946లో రాసిన రెండు టెలిగ్రామ్‌లు పక్కపక్కన పెట్టి చదివితే ఇది బాగా తెలుస్తుంది. ఫిబ్రవరి 22న మాస్కో నుంచి అమెరికా దౌత్యవేత్త జార్జ్ కెన్నన్ పంపినది ప్రతి పుస్తకంలోనూ ఉంటుంది, సోవియట్ పాలకుల అభద్రత వల్ల వాళ్లు విస్తరిస్తూనే ఉంటారు, గట్టిగా నిలబడితేనే ఆగుతారు అని దాని సారాంశం. అదే సెప్టెంబర్‌లో వాషింగ్టన్ నుంచి సోవియట్ రాయబారి నోవికోవ్ మాస్కోకి పంపినది చాలామంది చూడరు. అందులో అమెరికా ప్రపంచ ఆధిపత్యం కోసం తయారవుతోంది, దూర దూరాన సైనిక స్థావరాలు పెడుతోంది అని ఉంటుంది. యూరప్‌కి అడ్డంగా ఇనుప తెర దిగిందని చర్చిల్ మార్చి 5న అమెరికాలోని ఫుల్టన్‌లో చేసిన ప్రసంగం ఈ రెండింటి మధ్యలో వచ్చింది. పరీక్షలో అది ఒక్కటే రాసి ఊరుకోకండి.

1947లో వ్యవహారం డబ్బు దగ్గరికి వచ్చింది. ఆ చలికాలం యూరప్‌ని చావగొట్టింది, బొగ్గు కదల్లేదు, బ్రిటన్ ఖజానా ఖాళీ. గ్రీసు, టర్కీలకి ఇక సాయం చేయలేమని ఫిబ్రవరి 21న అమెరికాకి చెప్పేసింది. మార్చి 12న ట్రూమన్ కాంగ్రెస్‌ని 40 కోట్ల డాలర్లు అడిగాడు. రెండు చిన్న దేశాలకి డబ్బు కావాలి అని మామూలుగా చెబితే, యుద్ధం అయిపోయింది, పన్నులు తగ్గించండి అంటున్న అమెరికన్లు ఒప్పుకోరు. అందుకని ప్రపంచంలో ప్రతి జాతీ రెండు జీవన విధానాల్లో ఒకటి ఎంచుకోవాల్సిన సమయం వచ్చిందని సంగతిని ఆకాశానికెత్తాడు. ప్రజాస్వామ్య దేశంలో ఇదొక చిక్కు. ఓటర్ని ఒప్పించడానికి శత్రువుని ఉన్నదానికన్నా పెద్దగా చూపించాలి, చూపించాక మళ్లీ చిన్నది చేయడం ఎవరి తరమూ కాదు. అటు స్టాలిన్‌కి కూడా బయట శత్రువు అవసరమే, 1946-47లో ఉక్రెయిన్, మోల్డోవాల్లో జనం కరువుతో చస్తున్నారు, యుద్ధం గెలిచాం కదా ఇక బతుకు బాగుపడదా అని అడిగేవాళ్ల నోరు మూయించాలి.

జూన్ 5న యూరప్‌ని నిలబెట్టడానికి అమెరికా డబ్బిచ్చే మార్షల్ ప్రణాళిక ప్రకటించారు. పైకి అందరికీ ఆహ్వానమే, రష్యాకి కూడా. సోవియట్ విదేశాంగ మంత్రి మోలోటోవ్ పెద్ద బృందంతో పారిస్ వచ్చాడు కూడా. తీరా చూస్తే డబ్బు తీసుకునేవాళ్లు తమ లెక్కలన్నీ బయటపెట్టాలి, జర్మనీ కూడా అందులో ఒక భాగం. జూలై 2న ఆయన లేచి వెళ్లిపోయాడు. రష్యా ఒప్పుకోదులే అనే ధీమాతోనే అమెరికా పిలిచిందని నా అనుమానం, ఒప్పుకుని ఉంటే ఆ డబ్బు కాంగ్రెస్ ఇచ్చేదే కాదు. అసలు దెబ్బ చెకోస్లోవేకియాకి తగిలింది. వాళ్లు వస్తామని చెప్పి, స్టాలిన్ మాస్కో పిలిపించి గట్టిగా మాట్లాడాక వెనక్కి తగ్గారు, 1948 ఫిబ్రవరికి అక్కడ కమ్యూనిస్టులు పూర్తిగా అధికారం చేజిక్కించుకున్నారు. ఆ వార్త పశ్చిమ రాజధానుల్లో పుట్టించిన టెన్షన్ అంతా ఇంతా కాదు. ఏప్రిల్‌లో ఇటలీ ఎన్నికల్లో కమ్యూనిస్టులు గెలవకుండా అమెరికా గూఢచారి సంస్థ సీఐఏ రహస్యంగా డబ్బు కుమ్మరించింది. ఎన్నికల పవిత్రత గురించి పాఠాలు చెప్పే పక్షం కూడా ఇలాంటి పనులు చేసిందని జవాబులో ఒక వాక్యం రాయండి, ఎగ్జామినర్‌కి మీరు రెండు వైపులా చదివారని తెలుస్తుంది.

ఇప్పుడు నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం, నోట్ల కథ. యుద్ధం చివర్లో ఆక్రమణ సైన్యాలన్నీ జర్మనీలో ఒకే సైనిక మార్కు వాడాలని అనుకున్నారు, 10 మార్కులకి ఒక డాలర్. 1944లో రష్యా మాకూ అచ్చు ప్లేట్లు కావాలంటే అమెరికా ట్రెజరీ మిత్రులే కదా అని ఇచ్చేసింది. రష్యా అచ్చేసిన నోటుకి సీరియల్ నంబర్ ముందు చిన్న గీత ఉండేది, తేడా అంతే. వాళ్లు ఎన్ని కావాలంటే అన్ని అచ్చేసి, చాలా కాలంగా జీతం అందని తమ సైనికులకి కట్టలు కట్టలు ఇచ్చారు. ఆ నోట్లు రష్యాలో చెల్లవు, అక్కడే ఖర్చు పెట్టాలి. బెర్లిన్‌లో రష్యన్ సైనికుడు అమెరికన్ సైనికుడి చేతి గడియారం, సిగరెట్లు ఎంత చెబితే అంతకి కొనేవాడు, అమెరికన్ ఆ మార్కుల్ని డాలర్లుగా మార్చుకుని తన జీతాన్ని మించి ఇంటికి పంపేవాడు. నష్టం భరించింది అమెరికా ఖజానా. దానికి తోడు పాత జర్మన్ నోటు రైష్‌మార్క్‌కి విలువ లేక జర్మన్లు సిగరెట్టునే నోటు కింద వాడుకుంటున్నారు, దుకాణాల్లో సరుకు లేదు, ఉన్నదంతా దాచేశారు.

కొత్త నోటు లేనిదే జర్మనీ లేవదు అన్నది అందరికీ తెలుసు. ఎక్కడ అచ్చు వేయాలి అన్న దగ్గర ఆగింది. లీప్‌జిగ్‌లో, అంటే రష్యా ప్రాంతంలో, ఒక సెట్టు ప్లేట్లు పెట్టి అచ్చేస్తామని వాళ్లు, ఒకసారి ప్లేట్లు ఇచ్చి చేతులు కాల్చుకున్నాం, మళ్లీ ఇవ్వం అని వీళ్లు. చివరికి అమెరికాలోనే కొత్త నోట్లు అచ్చేసి, మూడో కంటికి తెలియకుండా ఓడల్లో తెచ్చి, 1948 జూన్ 20న పశ్చిమ ప్రాంతాల్లో డాయిష్ మార్క్ విడుదల చేశారు. తలకి మొదట 40 మార్కులు, తర్వాత ఇంకో 20. తెల్లారేసరికి కొట్లలో అప్పటిదాకా కనబడని సరుకంతా ప్రత్యక్షమైంది. ఇక పాత నోట్లన్నీ చెల్లే చోటు వెతుక్కుంటూ తూర్పు వైపు వరదలా వస్తాయని రష్యన్లకి కంగారు. కొత్త నోటు అచ్చుకి టైమ్ లేక పాత నోట్ల మీదే చిన్న కూపన్ ముక్కలు అంటించి జూన్ 23న వదిలారు, అవి ఊడి వచ్చేవి. బెర్లిన్ నగరాన్ని కూడా నాలుగు దేశాలూ పంచుకున్నాయి కదా, పశ్చిమ దేశాలు తమ బెర్లిన్ భాగంలో పంచిన నోట్ల మీద బి అనే అక్షరం ముద్ర వేశాయి. ఒకే ఊళ్లో రెండు డబ్బులు. ఆ మర్నాడే, జూన్ 24న, రష్యా బెర్లిన్‌కి వచ్చే రోడ్డు, రైలు, కాలువ దారులన్నీ మూసేసింది.

ఇక్కడ ఒక చిన్న కాగితం విలువ చూడండి. బెర్లిన్ సోవియట్ ప్రాంతం మధ్యలో ఉంది. రోడ్డు, రైలు దారుల వాడకం గురించి 1945 జూన్‌లో క్లే, సోవియట్ మార్షల్ జుకోవ్ మాట మీద సర్దుకున్నారు, రాసుకోలేదు. విమానాల గురించి మాత్రం అదే ఏడాది నవంబర్‌లో 20 మైళ్ల వెడల్పున్న మూడు గగన మార్గాలు రాతపూర్వకంగా ఒప్పుకున్నారు, ఢీకొనకుండా ఉండాలని తప్ప ఇంకే దూరదృష్టీ లేదు. మూడేళ్ల తర్వాత రాసుకోని దారులు మూతపడ్డాయి, రాసుకున్న దారి తెరిచే ఉంది. ట్యాంకులతో రోడ్డు తెరుచుకుంటూ పోదామని క్లే అడిగితే వాషింగ్టన్ వద్దంది, బదులుగా ఊరికి కావలసిన సరుకంతా విమానాల్లోనే మోశారు. విమానాన్ని ఆపాలంటే రష్యా ముందు కాల్చాలి, అది వాళ్లూ చేయలేదు. దిగ్బంధం నడుస్తున్నన్నాళ్లూ నాలుగు దేశాల ఉమ్మడి విమాన భద్రతా కేంద్రంలో రష్యన్ అధికారులు రోజూ డ్యూటీకి వస్తూనే ఉన్నారంటే నమ్ముతారా!

పశ్చిమ బెర్లిన్‌లోని 20 లక్షల పైచిలుకు జనానికి రోజుకి కనీసం 4,500 టన్నులు కావాలి, మొదట్లో తిప్పిన డకోటా విమానం ఒక్కోటీ మోసేది 3 టన్నుల దాకా. లెక్క వేసిన ఎవరికైనా ఇది అయ్యే పని కాదనే అనిపిస్తుంది, స్టాలిన్‌కీ అదే అనిపించింది. 10 టన్నులు మోసే పెద్ద విమానాలు తెప్పించాక, ఈ విమానాల రాకపోకలు చూసిన అమెరికా జనరల్ టన్నర్ పెట్టిన రూల్స్ వల్ల పని గాడిన పడింది. దిగడం ఒకసారి తప్పితే చుట్టూ తిరగొద్దు, సరుకుతోనే వెనక్కి వెళ్లిపో. పైలట్ విమానం దిగి ఎక్కడికీ పోకూడదు, టీ బండి విమానం దగ్గరికే వస్తుంది. మోసిన సరుకులో మూడింట రెండొంతులు బొగ్గే. ఇళ్లలో కరెంటు రోజుకి నాలుగు గంటలు. 1949 మే 12న దారులు తెరిచారు, విమానాలు మాత్రం ఆ సెప్టెంబర్ చివరి దాకా తిరిగాయి, మొత్తం సుమారు 2.78 లక్షల ట్రిప్పులు, 23 లక్షల టన్నులు. రష్యా సాధిద్దామనుకున్నది పశ్చిమ జర్మన్ రాజ్యం పుట్టకుండా ఆపడం. జరిగింది దానికి సరిగ్గా తలకిందులు. నాలుగేళ్ల కింద బెర్లిన్ మీద బాంబులు వేసిన విమానాల శబ్దానికి అక్కడి జనం ఇప్పుడు ఊపిరి పీల్చుకున్నారు, ఏప్రిల్‌లో నాటో వచ్చింది, మే 23న పశ్చిమ జర్మనీ, అక్టోబర్ 7న తూర్పు జర్మనీ. తర్వాతి సంగతులు, వార్సా ఒప్పందం వగైరా, మీ పుస్తకంలో బాగానే ఉంటాయి.

మన దగ్గరికి దీని సెగ తగిలిందా అని ఎవరో ఒకరు అడుగుతారు కాబట్టి ఒక మాట. 1947 సెప్టెంబర్‌లో యూరప్ కమ్యూనిస్టు పార్టీల ఉమ్మడి సంస్థ కమిన్‌ఫామ్ పెట్టినప్పుడు సోవియట్ నాయకుడు ఝ్దానోవ్ ప్రపంచం రెండు శిబిరాలుగా చీలిందని సిద్ధాంతం చెప్పాడు. 1948 ఫిబ్రవరిలో కలకత్తాలో జరిగిన సీపీఐ రెండో మహాసభ రణదివే నాయకత్వంలో తీసుకున్న అతివాద లైన్ వెనక ఆ ప్రభావం ఉంది. తెలంగాణ పోరాటం అంతకు ముందే వెట్టి మీద, దొరల మీద, నిజాం మీద లేచింది, దాన్ని మాస్కో పుట్టించిందనడం తప్పు. కానీ పోలీస్ యాక్షన్ తర్వాత నెహ్రూ ప్రభుత్వం మీద కూడా కొనసాగించాలా వద్దా అన్న వాదన తెగక, చండ్ర రాజేశ్వరరావు, మాకినేని బసవపున్నయ్య, డాంగే, అజయ్ ఘోష్ 1951 మొదట్లో మాస్కో వెళ్లి స్టాలిన్‌తోనే కూర్చున్నారు. ఆ అక్టోబర్‌లో పోరాటం విరమించారు. తర్వాతి తరానికి ఈ పోటీ వేరే రూపంలో అందింది, బడిలో అమెరికా గోధుమ రవ్వ ఉప్మా, పాలపొడి, ఇంటికొస్తే రూపాయికో రెండు రూపాయలకో దొరికే మాస్కో అచ్చు తెలుగు పుస్తకాలు.

ఇక తప్పెవరిది అన్న ప్రశ్న. స్టాలిన్ తూర్పు యూరప్‌లో చేసింది దౌర్జన్యం, దాన్ని భద్రత పేరుతో కడగలేం. అదే సమయంలో, జర్మనీ విభజన వైపు ముందు అడుగు వేసిన సందర్భాలు లెక్కపెడితే పశ్చిమ దేశాలవే ఎక్కువ: పరిహారం ఆపడం, 1947 జనవరిలో బ్రిటన్, అమెరికా ప్రాంతాలు కలిపేయడం, కొత్త నోటు. రెండూ రాయండి. ఇదంతా జరిగి తీరాల్సిందే అని మాత్రం రాయకండి, ఎందుకంటే పక్కనే ఆస్ట్రియా ఉంది. అవే నాలుగు సైన్యాలు, అవే నాలుగు ప్రాంతాలు, వియన్నా కూడా బెర్లిన్ లాగే సోవియట్ ప్రాంతం మధ్యలో నాలుగు ముక్కలు, అవే సిద్ధాంతాలు. 1955 మే 15న ఒప్పందం రాసుకుని, తటస్థంగా ఉంటామన్న హామీ మీద, ఆ శరత్కాలానికల్లా అందరూ ఖాళీ చేసి వెళ్లిపోయారు. ఆస్ట్రియా ఎవరి చేతికి చిక్కినా రెండోవాడి కొంప మునగదు. రూర్ ఉన్న జర్మనీ అలా కాదు. 1952 మార్చిలో స్టాలిన్ తటస్థ జర్మనీగా కలిపేద్దామని అధికారిక లేఖ పంపితే అమెరికా, బ్రిటన్, ఫ్రాన్స్‌తో పాటు పశ్చిమ జర్మనీ నేత అడెనావర్ కూడా దాన్ని ఎత్తు అని కొట్టిపారేశారు. అందులో నిజాయితీ ఎంత అని చరిత్రకారులు ఇప్పటికీ కొట్టుకుంటూనే ఉన్నారు. నా మట్టుకు నాకు, 1946లోనే ఎవరైనా ఆ ప్రతిపాదన పెట్టి ఉంటే కనీసం ఒక ఏడాది మాట్లాడుకునేవాళ్లు అనిపిస్తుంది. 1952 నాటికి రెండు వైపులా ప్రభుత్వాలు, పోలీసులు, నోట్లు, వాటి మీద బతికే నాయకులు అందరూ తయారై కూర్చున్నారు, కలిపితే కుర్చీ పోయేది వాళ్లకే.